‘నేను గెలుస్తాను’ అనుకోవడమా, ‘టీ తాగగానే కూర్చుంటాను’ అనుకోవడమా: ఏది మేలు?

హైదరాబాద్ చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టుపక్కల హాస్టళ్లలో గ్రూప్స్‌కి చదివేవాళ్ల గదులు చూసినవాళ్లకి ఆ గోడలు గుర్తుండిపోతాయి. మంచం తలవైపు పసుపుపచ్చ చీటీలు, వాటి మీద స్కెచ్ పెన్నుతో ‘నేను డిప్యూటీ కలెక్టర్‌ని’, ‘ఈసారి ఉద్యోగం నాదే’. అశోక్‌నగర్‌లో ఉన్న రెండేళ్లూ నా మంచం దగ్గరా అలాంటిదే ఒకటుండేది. లేవగానే పదకొండుసార్లు చదువుకునేదాన్ని. మార్కులు బాగా వచ్చిన వారం ఆ చీటీ చూస్తే ఒంట్లోకి కొత్త బలం వచ్చినట్టుండేది. మాక్ టెస్టులో నూటయాభైకి డెబ్బై రెండు వచ్చిన రాత్రి మాత్రం దానివైపు చూడలేక అటు తిరిగి పడుకున్నాను. ఒక మూల టేపు ఊడి, ఫ్యాన్ గాలికి రాత్రంతా టపటపమంటూనే ఉంది.

మంచి మాట పదేపదే అనుకుంటే మేలు జరుగుతుందన్న నమ్మకం మనకు కొత్త కాదు. ‘నావల్ల కాదు’ అన్నామంటే చాలు, ‘అలా అనకే, పైన తథాస్తు దేవతలుంటారు’ అని పెద్దవాళ్లు కసురుతారు. రామకోటి రాసే ఇళ్లు ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి. ఈ కాలపు అఫర్మేషన్లకు, అంటే మనకు మనమే పదేపదే చెప్పుకునే ఇలాంటి వాక్యాలకు, ఒక మూలం ఫ్రాన్స్‌లో ఉంది. ఎమిల్ కూయే (1857–1926) అనే ఫార్మసిస్టు తన దగ్గరికి వచ్చినవాళ్లకు ఒకే వాక్యం చెప్పేవాడు: ప్రతిరోజూ అన్నివిధాలా నేను అంతకంతకూ మెరుగవుతున్నాను. పొద్దున లేస్తూనే, రాత్రి పడుకోబోతూ ఇరవైసార్లు అనుకోవాలి. లెక్క తప్పకుండా ఇరవై ముడులు వేసిన దారం చేతిలో ఉండాలి. జపమాల తిప్పే చేతులకు ఇదేం వింత కాదు. ఆ వాక్యంలో నాకు నచ్చింది ‘మెరుగవుతున్నాను’ అన్న మాట. ‘అయిపోయాను’ అనలేదు చూడండి.

ఇబ్బందంతా ఆ ‘అయిపోయాను’ దగ్గరే. కెనడాలో జోయాన్ వుడ్ అనే మనస్తత్వవేత్త, మరో ఇద్దరు పరిశోధకులు 2009లో ఒక ప్రయోగం ప్రచురించారు. నాలుగు నిమిషాలపాటు గంట మోగినప్పుడల్లా ‘నేను ప్రేమించదగిన మనిషిని’ అనుకోమన్నారు. తమ మీద తమకు గౌరవం ఉన్నవాళ్లకు కాస్త హాయిగా అనిపించింది. ఎవరికి ఆ మాట ఎక్కువ అవసరమో, అంటే తమను తాము తక్కువగా చూసుకునేవాళ్లకు, అసలు అనుకోనివాళ్లకంటే మనసు ఇంకా బాగోలేదు. 2020లో మరో బృందం మళ్లీ చేసి చూస్తే ఆ నష్టం కనబడలేదు కాబట్టి దీన్నే చివరి తీర్పు అనను. కానీ ఆ డెబ్బై రెండు మార్కుల రాత్రి నాకు జరిగింది ఇదే. ‘నేను డిప్యూటీ కలెక్టర్‌ని’ అనగానే లోపలినుంచి ‘నువ్వా?’ అని వినిపించింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవడానికే రాత్రంతా సరిపోయింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ‘ఉద్యోగం నాదే’ అన్నదాంట్లో నా చేతిలో ఉన్నదెంత? మేం రాసిన పరీక్షే ఒకసారి రద్దయింది. అప్పుడు ఆ చీటీ దగ్గర చెప్పడానికి ఏమీ లేదు.

దాని పక్కన రెండో రకం పెట్టి చూద్దాం. ఇది గెలుపు గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడదు. ‘టీ తాగి గ్లాసు కింద పెట్టగానే పాలిటీ పుస్తకం తెరుస్తాను.’ ‘ఫోన్ చేతిలోకి వస్తే, దాన్ని బ్యాగులో వేసి జిప్పు పెడతాను.’ ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను, అంతే. జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ ఏళ్ల తరబడి దీని మీద పనిచేశారు. క్రిస్మస్ సెలవుల్లో ఒక రిపోర్టు రాయమని విద్యార్థులకు చెప్పి, కొందరిని ఎప్పుడు ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే రాసుకోమన్నారు. అలా రాసుకున్నవాళ్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది అనుకున్న వేళకు పూర్తిచేశారు. రాసుకోనివాళ్లలో మూడింట ఒకవంతే. 2006లో ఆయనా మరో మనస్తత్వవేత్త పాస్కల్ షీరన్ కలిసి 94 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసినప్పుడు కూడా దీని బలం బాగానే తేలింది.

ఎందుకు పనిచేస్తుందంటే, ఆ క్షణంలో మనల్ని మనం ఒప్పించుకోవాల్సిన పని తప్పుతుంది. గ్లాసు కింద పెట్టడమే గుర్తుచేస్తుంది. ఆత్మవిశ్వాసం ఉన్నా లేకపోయినా గ్లాసైతే కింద పెడతాం కదా! దిగులుగా ఉన్న రోజున కూడా ఇది ఆడుతుంది. నాకు దీనిమీద ఇంత గురి కుదరడానికి కారణం ఇదే.

ఈ రెండు రకాల మధ్యలో, మనల్ని మనమే ప్రశ్న అడుగుకునే పద్ధతి ఒకటుంది. తెలుగులో ‘చేస్తాను’కీ ‘చేస్తానా?’కీ ఎంత తేడా! చివరి అక్షరం మారితే చాలు. 2010లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో ఇలాంటి ప్రశ్నను ఇరవైసార్లు రాసినవాళ్లు, ‘చేస్తాను’ అని రాసినవాళ్లకంటే పదాల చిక్కుముడులు ఎక్కువ విప్పారు. చిన్న ప్రయోగం, దానిమీద ఎక్కువ బరువు పెట్టను. అయినా ‘ఈరోజు రెండు చాప్టర్లు చేస్తానా?’ అని నన్ను నేనే అడిగితే, ఎలా చేస్తానో లెక్క దానంతటదే మొదలవుతుంది.

పరీక్ష ముందురోజు మాత్రం ఈ ప్రణాళికలేవీ మనసుకెక్కవు, చేతులు చల్లబడిపోతాయి. అప్పుడు నేను ఎవరికైనా చెప్పేది మూడోది: నీకు ప్రాణమైనదేంటో పదిహేను నిమిషాలు రాసుకో. నాన్న నేర్పిన నిజాయితీయో, చెల్లెలి చదువో, ఊరి బడో, ఏదైనా సరే. అమెరికన్ మనస్తత్వవేత్త క్లాడ్ స్టీల్ 1988లో చెప్పిన సిద్ధాంతం నుంచి వచ్చింది ఇది. 2006లో ప్రచురించిన ఒక అమెరికన్ అధ్యయనంలో ఏడో తరగతి పిల్లలతో ఇలాగే రాయిస్తే, నల్లజాతి పిల్లలకీ తెల్లజాతి పిల్లలకీ గ్రేడుల్లో ఉన్న తేడా సుమారు 40 శాతం తగ్గింది. తర్వాత అన్నిచోట్లా అంత ఫలితం రాలేదు. కానీ ఇందులో ఒక్క అబద్ధం కూడా చెప్పుకోనక్కర్లేదు. పరీక్ష పోయినా మిగిలేవాటినే తలుచుకుంటాం.

కాబట్టి రోజువారీ పనికి రెండోదే మేలు, సందేహం లేదు. భయం పట్టుకున్నప్పుడు మూడోది. మొదటిది ఇప్పటికే ధైర్యంగా ఉన్నవాళ్లకు పనికొస్తుంది, అదీ కూయే అన్నట్టు ‘మెరుగవుతున్నాను’ అనుకుంటే. రెండు వారాలుగా నిద్ర, తిండి, దేనిమీదా ఆశ లేకుండా పోతే ఏ చీటీ చాలదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు.

మా పిన్ని కూతురు ఇప్పుడు అక్కడే ఉంది. మొన్న ఫోన్లో ‘అక్కా, గోడమీదది పీకేయనా?’ అంది. ‘ఎందుకే, ఉంచు. దాని కింద ఇంకోటి అంటించు’ అన్నాను. రాత్రి ఫొటో పంపింది. పైన ‘గ్రూప్-2 నాదే’. కింద కొంచెం వంకరగా: ‘మెస్‌లో ప్లేటు కడిగాక గదికి రాను, నేరుగా లైబ్రరీకి.’