ఆరు పౌండ్లకు దొరికిన 1662 ప్రార్థన పుస్తకం

ముందే చెప్పేస్తాను. కూర్చుని చదువుకోవడానికని కొంటే ఈ పుస్తకం మీకు నచ్చదు. మొదటి మూడు వారాలు నాకూ నచ్చలేదు.

ఆక్స్‌ఫర్డ్‌లో ఒక పాత పుస్తకాల షాపులో కొన్నాను. బుక్ ఆఫ్ కామన్ ప్రేయర్, అంటే ఇంగ్లండ్ చర్చి ప్రార్థన పుస్తకం, 1662 నాటి పాఠం. నల్ల అట్ట, ఎర్ర అంచులు, కోటు జేబులో పట్టే సైజు. "కండిషన్ బాగుంది" అని స్టిక్కర్ కూడా అంటించారు. ఇంటికొచ్చి తెరిస్తే పెళ్ళి క్రమం ఉన్న పేజీలు ఊడి చేతిలోకి వచ్చాయి. "మరణము మనలను వేరుచేయు వరకు" అనే పేజీ పుస్తకం నుంచే వేరైపోయింది. వెనక్కి తీసుకెళ్తే, ఆరు పౌండ్లకి ఇంకేం కావాలన్నట్టు చూశారు. అక్షరాలు చీమల బారే. నలభై దాటినవాళ్ళు కళ్ళజోడు లేకుండా తెరవద్దు.

నా కాపీ బ్రిటన్ రాజు ఆరవ జార్జి కాలంలో అచ్చయింది. సాయంకాల ప్రార్థనలో "ప్రభువా, రాజును రక్షించుము" అన్నచోట ఎవరో "రాజు" కొట్టేసి పెన్సిల్‌తో "రాణి" అని రాసుకున్నారు. ఎలిజబెత్ రాణి అయిన 1952లో రాసుంటారు. 2022లో మళ్ళీ రాజు వచ్చాడు కాబట్టి అచ్చు మళ్ళీ కరెక్టయింది. రబ్బరు తీసి కూడా చెరపలేకపోయాను.

ఇక లోపలి అమరిక. మొదట్లో వరసగా పట్టికలు: ఏ రోజు ఏ పాఠం, ఈస్టర్ ఏ తేదీన వస్తుంది. తర్వాత బాప్తిస్మం, పెళ్ళి, భూస్థాపన, వాన కోసం ప్రార్థన, నడిసముద్రంలో తుఫాను వస్తే చేసే ప్రార్థన. పంచాంగాన్నీ, పురోహితుడి చేతి పుస్తకాన్నీ కలిపి కుట్టినట్టుంటుంది. 150 కీర్తనల్ని 30 రోజులకి, పొద్దున ఇన్ని, సాయంత్రం ఇన్ని అని పంచారు. 31వ తేదీన ఏం చేయాలంటే, నిన్నటివే మళ్ళీ చదవాలట. ఆ లెక్క నాకు భలే నచ్చింది.

తమాషా ఏమిటంటే, ఏది ఎక్కడుందో వెతుక్కుంటూ పేజీలు తిప్పడం గురించి ఫిర్యాదు ఈ పుస్తకం ముందుమాటలోనే ఉంది. పాత లాటిన్ ఆరాధనలో ఏది చదవాలో వెతుక్కోవడం, దొరికాక చదవడం కంటే పెద్ద పని అయ్యేదని క్రాన్మర్ వాపోయాడు. ఆయన అప్పటి కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్, ఇంగ్లండ్ చర్చిలో పెద్ద గురువు. పూజకొక పుస్తకం, గంటల ప్రార్థనకొకటి, ఒక్కో ప్రాంతానికి ఒక్కో పద్ధతి. అవన్నీ తీసేసి 1549లో ఇంగ్లీషులో ఒకే పుస్తకం తెచ్చాడు. దాని చివర ఎవరూ ఇంతకు మించి అమ్మకూడదని ధర కూడా అచ్చువేశారు, విడి కాగితాలకి ఇంత, బైండింగ్‌కి ఇంత అని. మన ఎమ్మార్పీ అన్నమాట! అందరూ సంతోషించారని కాదు. డెవన్, కార్న్‌వాల్ జనం తిరగబడ్డారు. మాలో కొందరికి ఇంగ్లీషే రాదన్నది కార్న్‌వాల్ వాళ్ళ బాధల్లో ఒకటి. 1552లో ఒకసారి, 1559లో ఒకసారి మార్చారు. 1645లో పార్లమెంటు ఏకంగా నిషేధించింది. రాజరికం తిరిగొచ్చాక 1662లో స్థిరపడిన రూపమే ఇప్పటికీ నడుస్తోంది. 1927, 1928లో మార్చబోతే పార్లమెంటులోని కామన్స్ సభ రెండుసార్లూ కుదరదంది.

నాకు ఈ పుస్తకం అర్థమైంది ఇంట్లో కాదు. ఒక గురువారం ఆఫీసు నుంచి వస్తూ ఒక కాలేజీ చాపెల్‌లో ఈవెన్‌సాంగ్‌కి, అంటే పాటలతో చేసే సాయంకాల ప్రార్థనకి వెళ్ళాను. టికెట్ అక్కర్లేదు. పుస్తకం తీసి కంగారుగా తిప్పుతుంటే పక్కనున్న పెద్దాయన ఏమీ మాట్లాడకుండా వేలితో పేజీ చూపించారు. సన్యాసులు సాయంత్రం ఒకటి, పడుకునే ముందు ఒకటి చేసే ప్రార్థనల్ని క్రాన్మర్ ఒక్కటిగా కుదించాడు. అందుకే ఒక్కోదాంట్లోంచి ఒకటి చొప్పున మరియ కీర్తన, సుమెయోను కీర్తన రెండూ ఇందులో ఉన్నాయి. నలభై నిమిషాల్లో అయిపోయింది. పాప ఒప్పుకోలు దగ్గర మాత్రం ఉలిక్కిపడ్డాను. "చేయవలసినవి చేయక విడిచితిమి, చేయరానివి చేసితిమి." ఇవి మా అమ్మమ్మ మాటలు! సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) గుడిలో మోకాళ్ళ మీద, పుస్తకం చూడకుండా, అందరికంటే ఒక క్షణం ముందే చెప్పేది. అవి 1552లో ఈ పుస్తకంలోకి వచ్చిన మాటలని ఆమెకు తెలియదు, మొన్నటిదాకా నాకూ తెలియదు.

బయటికొచ్చి బ్రాడ్ స్ట్రీట్ మీదుగా నడిచాను. అక్కడ రోడ్డు మధ్యలో రాళ్ళతో ఒక సిలువ గుర్తు ఉంటుంది. కాథలిక్ అయిన మేరీ రాణి కాలంలో మత సంస్కర్తల్ని కాల్చిన చోటు. 1556 మార్చి 21న క్రాన్మర్‌ని కాల్చారు. ప్రాణభయంతో తన నమ్మకాన్ని కాదని సంతకాలు పెట్టిన కుడిచేతిని ముందు మంటలో పెట్టాడు. ఆయన మాటలు అక్కడికి పది నిమిషాల దూరంలో ఇంకా పాడుతున్నారు. సైకిళ్ళు ఆ సిలువ మీంచే వెళ్తుంటాయి.

లోటు ఒకటి చెప్పాలి. ఇందులో సంస్కార ఆరాధనలో (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన) ఒకరి చేతులొకరు పట్టుకుని "సమాధానం" చెప్పుకోవడం లేదు. అది లేకపోతే నాకు వెలితిగా ఉంటుంది. 1947లో ఏర్పడిన సీఎస్ఐ 1950లో తన ఆరాధన క్రమంలో దాన్ని పెట్టుకుంది. తర్వాత ఇంగ్లండ్ కొత్త క్రమాల్లోకీ వచ్చింది. ఇక్కడి ఆదివారం గుడిలో అపరిచితులు చేయి చాపినప్పుడు, ఇది మా దగ్గర ముందే ఉంది సార్ అనాలనిపిస్తుంది, అనను.

కొనేవాళ్ళకి: ఎక్కడ కొన్నా 1662 పాఠం ఒకటే, రాజకుటుంబం పేర్లే మారతాయి. కాబట్టి పెద్ద అక్షరాలున్నది చూసుకోండి, కుట్టు గట్టిగా ఉందో లేదో లాగి చూడండి. నాది జిగురుతో అంటించాను. అంటించాక చూస్తే పెళ్ళి క్రమంలో ఒక పేజీ తలకిందులుగా ఉంది.