1918 సవరను కొంటున్నారా? ముందు గుర్రం కాళ్ల కింద చూడండి

రాజమహేంద్రవరం, అమలాపురం, భీమవరం చుట్టుపక్కల ఎవరైనా "మా తాతగారి పెట్టెలోవి" అంటూ పాత బంగారు సవరన్లు, అంటే మనం కాసులనే బ్రిటిష్ బంగారు నాణేలు, అమ్మజూపితే, డబ్బు చేతిలో పెట్టే ముందు ఇది చదవండి. నేను మోసపోయి నెల కూడా కాలేదు.

మా నాయనమ్మ పోయాక బియ్యం డబ్బా అడుగున పసుపు గుడ్డలో మూటగట్టిన ఐదు కాసులు దొరికాయి. ఆమె వాటిని గుర్రపు కాసులు అనేది. తమ్ముడు, చెల్లి, నేను. తలా రెండు రావాలంటే ఒకటి తక్కువ. అమ్మేసి డబ్బు పంచుకోవడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఆరోది నేను కొని కలుపుతానని మాట ఇచ్చాను.

దూరపు బంధువు ఒకరు చెబితే వెళ్లాను. అమ్మే ఆయన మర్యాదస్తుడిలాగే ఉన్నాడు, మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టాడు. "అమ్మా, ఇది 1918 నాటిది. బొంబాయిలో సవరన్లు కొట్టింది ఆ ఒక్క ఏడాది ముద్రతోనే. అందుకే ధర" అన్నాడు. ఆ రోజు బంగారం విలువ మీద 18 వేలు అదనంగా అడిగాడు. కాటా మీద పెట్టాడు. 7.98 గ్రాములు. సవరను బరువు అంతే ఉండాలని నాకు తెలుసు. తూకం సరిపోయింది కదా అని నగదు ఇచ్చి తెచ్చుకున్నాను. రసీదు అడగలేదు.

ఇంటికి వచ్చి నాయనమ్మ కాసుల పక్కన పెట్టాను. మా అమ్మాయి రెంటినీ వేళ్ల మధ్య పట్టుకుని, "అమ్మా, కొత్తది కొంచెం లావుగా లేదూ?" అంది. అప్పటిదాకా నా కంటికి ఆనలేదు. మర్నాడు మా కంసాలి గారి దగ్గర కాలిపర్‌తో కొలిపించాను. నాయనమ్మ కాసు మందం 1.52 మిల్లీమీటర్లు. నేను కొన్నది 1.75. అడ్డం కొలత మాత్రం రెండింటిదీ 22 మిల్లీమీటర్లే.

అసలు విషయం ఇక్కడే ఉంది. సవరను 22 క్యారట్ల బంగారం. బంగారం చాలా బరువైన లోహం. అందులో రాగి, వెండి ఎక్కువ కలిపితే అదే బరువు రావడానికి నాణెం పెద్దదో, లావో కాక తప్పదు. అందుకే ఒక్క తూకం చూసి నమ్మకండి. బరువు, అడ్డం కొలత, మందం మూడూ ఒకేసారి సరిపోవాలి. 7.98 గ్రాములు, 22.05 మిల్లీమీటర్లు, 1.52 మిల్లీమీటర్లు. అరిగిన నాణెం వీటికి కాస్త తగ్గవచ్చు గానీ, లావెక్కదు.

ఇంట్లోనే చేయగల పరీక్ష ఇంకొకటి మా కంసాలి గారు చూపించారు. గ్రాములో నూరో వంతు చూపించే చిన్న కాటా మీద గ్లాసుతో నీళ్లు పెట్టి, అంకెను సున్నాకు తెచ్చారు. కాసును సన్నని దారంతో కట్టి, అడుగుకు తగలకుండా నీళ్లలో మునిగేలా వేలాడదీశారు. అప్పుడు కాటా చూపించేది కాసు తోసేసిన నీటి బరువు. నాయనమ్మ కాసుకు 0.46 వచ్చింది. నేను కొన్నదానికి 0.53. ఆ అంకె చూసిన క్షణం నాకు చేతులు చల్లబడ్డాయి. తరువాత హాల్‌మార్కింగ్ కేంద్రంలో పరీక్ష చేయిస్తే బంగారం 72 శాతం అని తేలింది. సవరనులో 91.67 శాతం ఉండాలి.

ఇంత శ్రమ పడకుండానే నేను అక్కడే పట్టుకోగలిగేదాన్ని. గుర్రం మీద సెయింట్ జార్జి డ్రాగన్‌ను పొడుస్తున్న బొమ్మ ఉన్న వైపు తిప్పండి. గుర్రం కాళ్ల కింద నేల గీత ఉంటుంది, దాని కింద సంవత్సరం. ఆ నేల మీద, అంకెలకు సరిగ్గా పైన, చిన్న ఇంగ్లీషు అక్షరం ఉందేమో భూతద్దంతో చూడండి. బొంబాయిది అయితే 'ఐ'. మెల్‌బోర్న్‌కు 'ఎం', సిడ్నీకి 'ఎస్', పెర్త్‌కు 'పి', కెనడాకు 'సి'. అక్షరం లేకపోతే లండన్ నాణెం అని లెక్క. కానీ లండన్‌లో 1917 తరువాత మళ్లీ 1925 వరకు ఆ సంవత్సరాల ముద్రతో సవరన్లే లేవు. కాబట్టి 1918 అని ఉండి అక్షరం లేని సవరను ఉండనే ఉండదు. నాకు అమ్మినదాని మీద ఆ చోటు నున్నగా ఉంది. అడిగితే "అరిగిపోయిందమ్మా" అన్నాడు. గుర్రం జూలులో గీతలు స్పష్టంగా ఉండి, అక్షరం ఒక్కటే ఎలా అరుగుతుంది? ఆ ప్రశ్న నాకు అప్పుడు తట్టలేదు.

పైగా 18 వేలు అదనం ఇవ్వాల్సినంత అరుదైనది కూడా కాదు. బొంబాయిలో 1918 ముద్రతో దాదాపు 13 లక్షల సవరన్లు కొట్టారు. మన డెల్టాలో ధవళేశ్వరం ఆనకట్ట తరువాత పంట డబ్బు చూసిన ఇళ్లలో ఇలాంటి కాసులు ఒకటో రెండో ఉండడం వింత కాదు. ఒకప్పుడు సవరను 15 రూపాయలకు చెల్లుబాటయ్యే నాణెమే. దాని విలువ కట్టడం తేలిక. అందులో మేలిమి బంగారం 7.32 గ్రాములు, దాన్ని ఆ రోజు 24 క్యారట్ల ధరతో గుణించండి. అంతకు మించి అడిగితే ఆ ఎక్కువ దేనికో అమ్మేవాడు చూపించాలి, మీరు భూతద్దంలో చూడగలగాలి. మా ఐదింటిలో ఒకదానికి ఎప్పుడో మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికించారు. అలాంటిదానికి సేకరించేవారు అదనం ఇవ్వరు, బంగారం ధరే. మిగిలినవాటికి మెరుగు పెట్టిస్తానంటే వద్దన్నాను. మీరూ ఒప్పుకోకండి. రుద్దిన కాసు మీద సన్నని గీతలు పడితే మళ్లీ పోవు.

అదే మనిషి నాకు పలుచని బంగారు బిళ్ల ఒకటి కూడా చూపించాడు. మధ్యలో వరాహం బొమ్మ. రాజరాజ నరేంద్రుడి కాలం నాటిదట, గోదావరి లంకలో మట్టి తవ్వుతుంటే దొరికిందట. ఆ రాజు వంశమైన తూర్పు చాళుక్యులు వరాహ ముద్రతో నాణేలు వేయించిన మాట నిజమే. అందుకే ఆ కథ మనకు అంత సులువుగా ఎక్కుతుంది. కానీ భూమిలో దొరికిన నిధి 10 రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 చట్టం చెబుతోంది. ఆ కథ అబద్ధమైతే డబ్బు పోతుంది, నిజమైతే కేసులో ఇరుక్కుంటారు. ఇంకో మాట, నూరేళ్లు దాటిన నాణేన్ని 1972 చట్టం పురావస్తువుగానే చూస్తుంది, దేశం దాటించకూడదు. విదేశాల్లో ఉన్న తమ్ముళ్లకో పిల్లలకో వాటా పంపాలనుకునేవారు ఇది గుర్తుంచుకోండి.

పోలీసు స్టేషనుకు వెళ్లాను. మొదట అడిగింది రసీదు. నా దగ్గర ఉన్నది ఆ కాసు, పరీక్ష కాగితం, పలకని ఫోను నంబరు. ఫిర్యాదు రాసి ఇచ్చాను. అమ్మేవాడు బ్యాంకు ద్వారా డబ్బు తీసుకోనంటే, బరువు, కొలతలు, క్యారట్లు రాసి సంతకం పెట్టనంటే, అక్కడి నుంచి లేచి రండి. 2 లక్షలు, ఆపైన నగదు పుచ్చుకోవడం ఎలాగూ చట్టం ఒప్పుకోదు. ఇంట్లో అసలు కాసు ఒక్కటి ఉన్నా జేబులో వేసుకుని వెళ్లండి. నేను ఐదూ ఇంట్లో పెట్టి వెళ్లాను.

తన దగ్గర ఇలాంటివి ఇంకా మూడు ఉన్నాయని ఆయన నాతో అన్నాడు. 1918, అక్షరం లేదు, అంచు లావు, చూడగానే కాస్త ఎర్రని మెరుపు. మీ చుట్టాల్లో ఎవరికైనా అవి చూపిస్తే కొనకుండా ఆపండి, నాకూ ఒక మాట చెప్పండి. నా ఫిర్యాదుకు రెండో సాక్ష్యం కావాలి.