బీటా ప్యాకేజీలు పంచడానికి రెప్రెప్రో: చాలాకాలం వాడాక

విడుదలకు ముందు సాఫ్ట్‌వేర్ బిల్డును వాట్సాప్‌లో పడేస్తే, అవతలివాళ్లకు చేరింది మనం కట్టిన ఫైలేనా అని తేల్చుకునే తోవ ఉండదు. డెబియన్ లినక్స్‌లో ప్యాకేజీలు దించి వేసే ఏపీటీ చూసే డిజిటల్ సంతకం విడి డెబ్ (ప్యాకేజీ) ఫైలు మీద ఉండదు, రిపాజిటరీలోని (ప్యాకేజీలు ఉంచే సర్వరు గోదాములోని) ఇన్‌రిలీజ్ అనే ఫైలు మీద ఉంటుంది. అందులో ప్యాకేజీల జాబితా షా-256 (ఫైలు మారితే మారిపోయే గుర్తింపు సంఖ్య), ఆ జాబితాలో ఒక్కో డెబ్ షా-256. కాబట్టి టెస్టర్లు ముగ్గురే ఉన్నా రిపాజిటరీ పెట్టాల్సిందే. మాకు విజయనగరంలో సర్వరు, టెక్కలి, రాజాం, బొబ్బిలి ల్యాబుల్లో టెస్టర్లు. ఈపాటి పనికి, రిపాజిటరీని కట్టిపెట్టే రెప్రెప్రో చాలు. ఒక ఫోల్డరు, ఒక కాన్ఫిగ్ ఫైలు, సంతకానికి ఒక జీపీజీ కీ, అంతే.

కాన్ఫిగ్‌లో 'నాట్ఆటోమేటిక్', 'బట్ఆటోమేటిక్అప్‌గ్రేడ్స్' రెండూ 'యెస్' పెట్టండి. రిపాజిటరీ ప్రాధాన్యం 500 నుంచి 100కి దిగుతుంది. అడిగి వేసుకున్నవాళ్లకే బీటా వస్తుంది, ఆ తర్వాతి బీటాలు మామూలు అప్‌గ్రేడ్‌లో వాటంతటవే వస్తాయి. 2.4కి ముందొచ్చే బిల్డు (ఆర్‌సీ1) వెర్షన్‌ను 2.4~ఆర్‌సీ1-1 అని టిల్డాతో (~) రాయాలి. 2.4-ఆర్‌సీ1 అని రాశారో, రేపు అసలు 2.4-1 విడుదలైనా ఏపీటీ దాన్ని పాతదనే అనుకుంటుంది.

నాకు బాగా నచ్చింది 'వాలిడ్‌ఫర్: 14డి'. లొసుగులున్న పాత బీటా జాబితాను మధ్యలో ఎవరైనా పట్టుకుని అదే మళ్లీ మళ్లీ చూపిస్తే, 14 రోజులు దాటాక ఏపీటీ ఒప్పుకోదు. అయితే గడువులోపే క్రాన్‌తో (పనులను వేళకు నడిపేది) రెప్రెప్రో 'ఎక్స్‌పోర్ట్' నడిచి కొత్త సంతకం పడాలి. మూడు రోజులకోసారి పెడితే నిశ్చింత. కీకి పాస్‌ఫ్రేజ్ (పాస్‌వర్డ్ లాంటిది) ఉంటే క్రాన్ అక్కడే ఆగిపోతుంది. అందుకని సర్వర్లో సంతకాల సబ్‌కీ (అసలు కీ కింది ఉపకీ) ఒక్కటే పాస్‌ఫ్రేజ్ లేకుండా ఉంచి, అసలు కీని పెన్‌డ్రైవ్‌లో వేసి బీరువాలో పెట్టాలి.

గొడవంతా గడియారాలతోనే. ల్యాబుల్లోని పాత పీసీల్లో సీమాస్ బ్యాటరీ (గడియారాన్ని నడిపేది) అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. ఏపీటీ 'నాట్ వాలిడ్ యెట్' (ఇంకా చెల్లదు) అంటుంది. టెస్టరేమో కీ చెడిందనుకుని 'ట్రస్టెడ్=యెస్' (సంతకం సరిపోకున్నా నమ్మమని) పెట్టేస్తాడు. ఇక ఆ మెషీన్లో సంతకం ఉన్నా లేనట్టే. ముందు 'డేట్' కొట్టి చూడమనండి, తర్వాత సీఆర్2032 బ్యాటరీ మార్చమనండి.

కీని ఈటీసీ/ఏపీటీ/కీరింగ్స్‌లో ఉంచి, సోర్స్ ఫైల్లో 'సైన్డ్-బై'తో దాన్నే చూపించాలి. అప్పుడు ఆ కీ ఈ ఒక్క రిపాజిటరీకే చెల్లుతుంది. 'ఏపీటీ-కీ యాడ్' అని చెప్పే పాత పాఠాల జోలికి పోవద్దు. కీ ఫింగర్‌ప్రింట్ (గుర్తింపు సంఖ్య) 40 అక్షరాలూ ఫోన్లో చదివి సరిచూడాలి. విసుగే, తప్పదు.

అసలు లోటు వేరే ఉంది. రెప్రెప్రో 5.3 వరకు ప్యాకేజీకి ఒక్క వెర్షనే నిలుస్తుంది. ఆర్‌సీ2 చెడితే ఆర్‌సీ1కి పోవడానికి రిపాజిటరీలో అది ఉండదు. 5.4లో 'లిమిట్' పెంచుకోవచ్చు. వెర్షన్ మార్చకుండా మళ్లీ బిల్డ్ చేసిన డెబ్‌ను చెక్‌సమ్ తేడా చూపి తోసిపుచ్చుతుంది; చిరాకనిపించినా అలా ఉండడమే మేలు. ప్రతి బీటాకూ స్నాప్‌షాట్ (అప్పటి రిపాజిటరీ నకలు) కావాలంటే మాత్రం ఆప్ట్‌లీ అనే మరో సాధనం చూసుకోండి.