నాలుగేళ్లుగా కేబుల్ మెషిన్: నా దగ్గర మిగిలింది నాలుగు ఎక్సర్‌సైజులే

మా కాలనీ జిమ్‌లో కేబుల్ మెషిన్ (పుల్లీ అనే చక్రం మీదుగా వచ్చే తీగను లాగితే బరువు ప్లేట్లు లేచే మెషిన్) మీద నాలుగేళ్లుగా, వారానికి మూడు రోజులు చేస్తున్నాను. మొదట్లో గోడకు వేలాడే ప్రతి హ్యాండిలూ తగిలించి 12 రకాలు చేసేవాణ్ణి. ఇప్పుడు నాలుగే. ఒంట్లో బలం పెరిగింది మాత్రం ఆ నాలుగింటి మీద నిలబడ్డాకే.

డంబెల్‌తో రానిది కేబుల్‌తో వస్తుందా అని చూసి ఎంచుకున్నాను. డంబెల్ ఎప్పుడూ కిందికే లాగుతుంది. కేబుల్ మాత్రం పుల్లీ ఎటు పెడితే అటు లాగుతుంది. నాలుగింటిలో మొదటిది లాటరల్ రెయిజ్, అంటే చేతిని పక్కకు భుజం ఎత్తుదాకా లేపడం. అందులో ఈ తేడా బాగా తెలుస్తుంది. డంబెల్ తొడ పక్కన వేలాడుతున్నంతసేపూ భుజానికి పనే ఉండదు, చెయ్యి అడ్డంగా లేచేసరికి బరువంతా పడుతుంది. పుల్లీని మణికట్టు ఎత్తున పెట్టి, మెషిన్‌కి పక్కగా నిలబడి, అవతలి చేత్తో లాగి చూడండి. చెయ్యి కదిలిన క్షణం నుంచే భుజం బిగుసుకుంటుంది. 10 కిలోల డంబెళ్లు ఊపి ఎత్తిన నేను ఇక్కడ 5 కిలోలకే 12వ రెప్ (ఒకసారి లేపి దించడం) దగ్గర ఆగిపోయాను.

రెండోది ఫేస్ పుల్. రోప్‌ని (రెండు కొసలున్న తాడు హ్యాండిల్) ముఖం ఎత్తున పెట్టి, మోచేతులు పైకి ఉంచి, పిడికిళ్లు చెవుల పక్కకు వచ్చేదాకా లాగాలి. ఏడాదిపాటు 30 కిలోలు పెట్టి నడుముతో లాగాను. ట్రైనర్ వచ్చి, ఎన్ని ప్లేట్లు లేవాలో నిర్ణయించే పిన్ తీసి 15లో పెట్టి, "ఇప్పుడు లాగన్నా, చివర్లో ఒక్క సెకను ఆపు" అన్నాడు. భుజాల వెనక కండ ఎక్కడుందో నాకు ఆ రోజే తెలిసింది. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు ఇదొక్కటైనా చెయ్యండి.

మిగతా రెండూ సీటెడ్ రో (కూర్చుని హ్యాండిల్‌ని పొట్ట వైపు లాగడం), రోప్‌తో తల వెనక నుంచి చేసే ట్రైసెప్స్ (పైచేతి వెనక కండ) ఎక్స్‌టెన్షన్. కాళ్ల కోసం చేసే కేబుల్ స్క్వాట్, కిక్‌బ్యాక్ (కాలిని వెనక్కి తన్నడం) వదిలేశాను. కాళ్లకు బార్‌బెల్‌ని మించింది నాకు కనబడలేదు.

ఒక ఇబ్బంది ఉంది. మా మెషిన్‌లో ఒక్కో ప్లేట్ 5 కిలోలు. 10 నుంచి 15కి వెళ్తే బరువు ఒకేసారి సగం పెరిగినట్టు. అందుకే 10 రెప్స్‌తో మొదలుపెట్టి 16 దాకా వచ్చాకే పిన్‌ని కింది ప్లేట్‌కి దించి బరువు పెంచుతాను. ఇంకో జిమ్‌కి వెళ్తే ఈ అంకెలు పనికిరావు. కదిలే పుల్లీ ఉన్న మెషిన్‌లో 20 కిలోలు పెడితే చేతికి వచ్చేది పదే. నోట్‌బుక్‌లో మెషిన్ల వారీగా రాసుకోండి.

పోయినేడు మా మెషిన్‌లో హుక్ దగ్గర కేబుల్ తొడుగు చిట్లి, లోపలి తీగలు బయటపడ్డాయి. చెప్పినా రెండు వారాలు మార్చలేదు. ఆ రెండు వారాలూ డంబెళ్లతోనే సరిపెట్టుకున్నాను. ఇప్పటికీ పిన్ పెట్టేముందు ఆ చోటు వేలితో తడిమి చూస్తాను.