ఇన్సులిన్‌కు ఏది మేలు: ఎర్ర మూత సిరంజా, నారింజ మూత సిరంజా, పెన్నా?

"మా అబ్బాయి ముప్పై గీత దాకా లాగి పొడుస్తాడు సిస్టరమ్మా" అని ఆ పెద్దమ్మ వార్డులో చేరిన సాయంత్రం చెప్పింది. కేస్ షీటులో అదే రాసుకున్నాం: 30/70 ఇన్సులిన్ (త్వరగా పనిచేసేదీ, నెమ్మదిగా పనిచేసేదీ కలిపిన మందు), పొద్దున 30 యూనిట్లు. మర్నాడు టిఫినుకు ముందు ఎర్ర మూత సిరంజితో సరిగ్గా 30 యూనిట్లు ఇచ్చాం. పదకొండు గంటలకల్లా ఆమెకు ఒళ్లంతా చెమటలు పట్టాయి, మాట తడబడింది. గ్లూకోమీటరులో షుగర్ 48. 25 శాతం డెక్స్ట్రోజ్ (గ్లూకోజ్) ఎక్కించాక గానీ ఆమె నన్ను గుర్తుపట్టలేదు. తర్వాత కొడుకు తెచ్చిన సంచి విప్పి చూస్తే అందులోని సిరంజిలన్నిటికీ నారింజ మూతలే ఉన్నాయి.

లెక్క వేసి చూడండి. వాళ్లింట్లోని వయల్ (మందు సీసా) మీద ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లని ఉంది. ఎర్ర మూత సిరంజి ఆ 40 రకం కోసం గీతలు వేసినది, నారింజ మూతది మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే ఇన్సులిన్ కోసం. నారింజ దాని మీద 30 గీత అంటే 0.3 మిల్లీలీటరు. 40 రకం ఇన్సులిన్ అంత లాగితే వచ్చేది 12 యూనిట్లే. ఇంట్లో ఆమెకు అందుతున్నది ఆ పన్నెండే. నెలల తరబడి షుగర్ దిగడం లేదని డాక్టరు డోసు పెంచుతూ వచ్చారు. కాగితం మీది 30 నిజంగా ఒంట్లోకి వెళ్లింది మా వార్డులోనే. మందు పేరు, డోసు, వేళ అన్నీ అడిగాం. మూత రంగు మాత్రం అడగలేదు.

తప్పు రెండోవైపు జరిగితే ఇంకా ప్రమాదం. 100 రకం ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే అది అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. రెండున్నర రెట్లు ఎక్కువ. అందుకే ఎర్రదా, నారింజదా అని విడిగా అడిగితే జవాబు లేదు. వయల్ మీది అంకెకు సరిపోయేదే మంచి సిరంజి. వార్డు అల్మారాలో ఏది ఉంచాలన్న ప్రశ్నకు మాత్రం నా దగ్గర గట్టి జవాబు ఉంది. మన ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించేవి 40 రకం వయల్సే కాబట్టి ఎర్ర మూతలే ఉండాలి, నారింజ మూత ఒక్కటి కూడా ఉండకూడదు. రెండు రంగులూ ఒకే డబ్బాలో ఉంటే, అర్ధరాత్రి నలభై మంది రోగుల మధ్య పరుగెత్తే చెయ్యి ఏదో ఒక రోజు తప్పు సిరంజి తీస్తుంది. ఇన్సులిన్ సిరంజి అయిపోయిందని మామూలు 1 మిల్లీలీటరు సిరంజితో నోటి లెక్కన ఇవ్వడం అసలే వద్దు.

ఇక పెన్ను. దాని కాట్రిడ్జిలో 3 మిల్లీలీటర్లు, మొత్తం 300 యూనిట్లు ఉంటాయి. అంకె తిప్పి నొక్కడమే కాబట్టి గీతల గొడవ లేదు. చూపు మందగించినవాళ్లకూ, వేళ్లు వణికేవాళ్లకూ, బడికి వెళ్లే పిల్లలకూ దీనికి మించినది లేదు. ఖర్చు మాత్రం వయల్ కన్నా ఎక్కువ. ప్రతిసారీ కొత్త సూది బిగించి, ముందు 2 యూనిట్లు గాల్లోకి వదిలి, చుక్క కనిపించాకే డోసు తిప్పాలి. నొక్కాక పది లెక్కపెట్టేదాకా సూది తీయకూడదు. తొందరపడితే మందు చర్మం మీదే కారిపోతుంది.

వార్డులో పెన్ను అంటే నాకు రెండు భయాలు. ఒకటి, ఒకరి పెన్ను మరొకరికి వాడడం. సూది మారిస్తే చాలనుకుంటారు, చాలదు. పొడిచినప్పుడు రక్తం కాట్రిడ్జిలోకి వెనక్కి రావచ్చు. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ అలా ఒకరి నుంచి మరొకరికి చేరగలవు. పెన్ను మీద రోగి పేరు తప్పనిసరిగా అంటించాలి, అదీ మూత మీద కాదు, పెన్ను ఒంటి మీద. మూతలు మారిపోతాయి. రెండోది, పెన్ను మొరాయించినప్పుడు కాట్రిడ్జి నుంచి సిరంజితో లాగడం. చేతికందింది ఎర్ర మూత సిరంజి అయితే పైన చెప్పిన రెండున్నర రెట్ల లెక్కే మళ్లీ జరుగుతుంది.

సెలైన్‌లో కలిపి నరంలోకి ఎక్కించాలంటే వయల్‌లోని రెగ్యులర్ (త్వరగా పనిచేసే) ఇన్సులినే కావాలి. 50 మిల్లీలీటర్ల సెలైన్‌లో 50 యూనిట్లు కలిపితే మిల్లీలీటరుకు ఒక యూనిట్. అక్కడా వయల్ చూడాలి: 40 రకమైతే 1.25 మిల్లీలీటర్లు, 100 రకమైతే అర మిల్లీలీటరే. నీళ్లలా తేటగా ఉన్నదంతా రెగ్యులరే అని మా రోజుల్లో నేర్పారు. ఆ పాఠం ఇప్పుడు చెల్లదు. రోజంతా పనిచేసే గ్లార్జిన్ కూడా అంతే తేటగా ఉంటుంది. పాలలా ఉండే 30/70ని కుదపకుండా అరచేతుల మధ్య దొర్లించాలి, అది వయల్‌లో ఉన్నా పెన్నులో ఉన్నా. చార్టులో యూనిట్లు అనే మాట పూర్తిగా రాయండి. 10 పక్కన ఇంగ్లీషు యు అక్షరం ఒక్కటే పెడితే అది సున్నాలా కనిపించి 100 అవుతుంది.

కాబట్టి వార్డుకు వయల్, ఎర్ర మూత సిరంజి, ఒకే బలం ఉన్న మందు. ఇంటికి, స్తోమత ఉంటే పెన్ను. లేకపోతే వయల్‌తో పాటే దానికి తగిన సిరంజిలు కూడా ఇచ్చి పంపాలి.

ఆ పెద్దమ్మ డిశ్చార్జి రోజున డాక్టరు డోసును 14 యూనిట్లకు మార్చారు. కొడుకును కూర్చోబెట్టి, ఎర్ర మూత సిరంజితో 14 గీత దాకా నీళ్లు మూడుసార్లు లాగించాను. మూడోసారి గాలి బుడగను తనే చూసి, వేలితో తట్టి పైకి పంపాడు. పాత సిరంజిలు ఇంటికెళ్లాక పారేస్తానన్నాడు. ఇక్కడే పారేయమన్నాను. సంచిలోంచి ఒక్కొక్కటీ తీసి, సూదులు వేసే తెల్ల డబ్బాలో వేశాడు.