చరిత్ర పరిశోధనకు క్యూజీఐఎస్: ఆరేళ్ల వాడకం తర్వాత

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల శాసనాలు, చెరువులు, కోటలు, సాయుధ పోరాట గ్రామాలను పటాల మీదికి ఎక్కించడానికి క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌ను ఆరేళ్లుగా వాడుతున్నాం. పైసా ఖర్చు లేదు, తెలుగు లిపి తీసుకుంటుంది, 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. సాఫ్ట్‌వేర్‌తో పెద్ద పేచీ లేదు. తిప్పలు ఎక్కువగా మనం దానికి ఇచ్చే ఊళ్ల పేర్లతో, తేదీలతోనే వస్తాయి.

ఎక్కువ పనికొచ్చింది జియోరెఫరెన్సర్, అంటే స్కాన్ చేసిన పటాన్ని దాని అసలు అక్షాంశ రేఖాంశాలకు కూర్చే పనిముట్టు. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీటు (నేల ఎత్తుపల్లాలు చూపే పటం) అక్షాంశంలో 15, రేఖాంశంలో 15 నిమిషాలు ఉంటుంది. 5 నిమిషాలకో గీత చొప్పున చూస్తే 16 కూడళ్లు దొరుకుతాయి. నాలుగు మూలలతో సరిపెట్టకండి, పదహారూ పెట్టండి. కాగితం ముడతపడ్డ చోటు, స్కానర్ సాగదీసిన చోటు ఒక్కో బిందువు ఎంత తప్పిందో చూపే రెసిడ్యువల్ పట్టికలో బయటపడతాయి. 400 డీపీఐ స్కాన్‌లో ఒక పిక్సెల్ అంటే నేల మీద సుమారు 3 మీటర్లు. కాబట్టి రెండు మూడు పిక్సెళ్ల తప్పు ఫర్వాలేదు. ముందు పాలినామియల్ 1 (పటాన్ని వంచకుండా మొత్తంగా జరిపి, తిప్పి, సాగదీసే పద్ధతి) తోనే చూడాలి. థిన్ ప్లేట్ స్ప్లైన్ అనే పద్ధతి పెడితే తప్పు సున్నా చూపిస్తుంది, కొత్తవాళ్లు అది చూసి మురిసిపోతారు. అది పెట్టిన ప్రతి బిందువు గుండా పటాన్ని బలవంతంగా లాగుతుంది కాబట్టి తప్పుగా కొట్టిన అంకె కూడా అందులో దాగిపోతుంది. చేత్తో గీసిన ఊరి నక్షాకో, పనోరమిక్ కెమెరాతో తీసిన పాత కరోనా (అమెరికా గూఢచారి) ఉపగ్రహ చిత్రానికో అది తప్పదు. అప్పుడు ఐదారు గుళ్లనో, బావులనో లెక్కలో కలపకుండా పక్కన పెట్టుకుని, వాటితో సరిచూసుకోవాలి.

పాత షీట్లు ఎవరెస్ట్ గోళాభం (భూమి ఆకారానికి వేసిన పాత లెక్క) మీద గీసినవి. వాటికి జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 లెక్క కోడ్ 4326 ఇస్తే మన ప్రాంతంలో 150 మీటర్లకు పైనే జరుగుతుంది, కట్ట మీది శాసనం చెరువు నీళ్లలో పడుతుంది. ఎవరెస్ట్ లెక్క కోడ్ 4146 ఇచ్చి, తర్వాత యూటీఎం (భూమిని ఆరేసి డిగ్రీల జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతి) 44వ జోన్ కోడ్ 32644కు మార్చుకోండి. కొత్త ఓపెన్ సిరీస్ షీట్లు డబ్ల్యూజీఎస్ 84 మీదే ఉన్నాయి, వాటికి ఈ పని అక్కర్లేదు. ఇంకో చిక్కు పాలమూరు వాళ్లకే ప్రత్యేకం. యూటీఎం 43, 44 జోన్లను విడదీసే 78 డిగ్రీల రేఖాంశం మహబూబ్‌నగర్ పట్టణాన్ని దాదాపు ఒరుసుకుంటూ పోతుంది. మక్తల్‌లో జీపీఎస్ 43 అంటుంది, దేవరకొండలో 44 అంటుంది. రెండింటినీ ఒకే సీఎస్‌వీ పట్టికలో కలిపి 44గా తెరిస్తే మక్తల్ గుడి ఆరు డిగ్రీలు తూర్పుకు జరిగి బంగాళాఖాతంలో తేలుతుంది. జీపీఎస్‌లో అక్షాంశ రేఖాంశాలే రాసుకుంటే ఈ గోల ఉండదు. మొత్తం ప్రాంతానికి 44 ఒక్కటే పెట్టినా నారాయణపేట వైపు కిలోమీటరుకు మీటరుకు కాస్త పైన తేడా, అంతే.

ఇక ఊళ్ల పేర్లు. పేరు కొడితే చోటు చూపించే జియోకోడింగ్ ప్లగిన్‌ను చరిత్ర పనికి నమ్మకూడదు. కందూరు చోడుల పానగల్లు నల్గొండ పక్కన ఉంది, పాన్‌గల్ కోట వనపర్తి జిల్లాలో ఉంది. ఇంగ్లీషు స్పెల్లింగులో రెండూ ఒకటే అయిపోతాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయం శ్రీశైలం ప్రాజెక్టు ముంపు వల్ల అలంపురానికి తరలింది, ఇప్పుడున్న చోట బిందువు పెడితే సంగమం లేని సంగమేశ్వరుడవుతాడు. మ్యూజియానికి చేరిన శాసనాలదీ ఇదే గతి. అందుకే ‘దొరికిన చోటు’, ‘ఇప్పుడున్న చోటు’ వేర్వేరు గడులుగా ఉండాలి. వాటి పక్కన ‘ఏ ఆధారంతో గుర్తించాం’, ‘నమ్మకం 1–3’ అనే గడులు కూడా. ఈ నాలుగూ లేని పట్టికతో గీసిన పటం ఎంత అందంగా ఉన్నా మేం నమ్మం.

హద్దులకూ తేదీలుండాలి. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి అప్పుడు నల్గొండ జిల్లా, ఇప్పుడు జనగామ జిల్లా. 2016 అక్టోబర్ 11 తర్వాతి హద్దులు వేసి ‘నల్గొండ పోరాట గ్రామాలు’ అని కత్తిరిస్తే కడవెండి ఊడిపోతుంది. 3.14 వెర్షన్‌తో వచ్చిన, పటాన్ని కాలక్రమంలో నడిపి చూపే టెంపోరల్ కంట్రోలర్ ఇక్కడ అక్కరకొస్తుంది, కాకపోతే దానికి అసలైన తేదీ గడే కావాలి. శక సంవత్సరానికి 78 కలిపి ఊరుకుంటే పుష్య, మాఘ, ఫాల్గుణ మాసాల శాసనాలు ఒక ఏడాది వెనక్కి పోయే ప్రమాదముంది. మొదలు, చివర అని రెండు తేదీలు ఇవ్వడం మేలు.

పట సమాచారం దాచే పాత ఫైలు రకం షేప్‌ఫైల్ తెలుగుకు శత్రువు. గడి పేరుకు 10 బైట్లే ఇస్తుంది, తెలుగులో ఒక్కో సంకేతానికి 3 బైట్లు పోతాయి. ‘గ్రామం’ అన్న పేరే పట్టదు. జియోప్యాకేజీ అనే కొత్త ఫైలు రకం వాడండి, ఆ బాధ పోతుంది.

బిందువులు ఎక్కడ దట్టంగా ఉన్నాయో రంగుల్లో చూపే హీట్‌మ్యాప్ చూడముచ్చటగా ఉంటుంది గానీ, శాసనాలు దట్టంగా కనబడే చోటు పరిశోధకులు బాగా తిరిగిన చోటు కూడా కావచ్చు.

కోట నుంచి ఏమేం కనబడతాయో చెప్పే వ్యూషెడ్ భువనగిరి లాంటి ఏకశిల గుట్టకు బాగా కుదురుతుంది. అయితే ఎస్‌ఆర్‌టీఎం (అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన నేల ఎత్తులు) 30 మీటర్ల గడులు గుట్ట కొసను చదును చేసి కొంత ఎత్తు మింగేస్తాయి. కాపలావాడి ఎత్తుకు ఆ తేడా కలపాలి, భూమి వంపును లెక్కలోకి తీసుకునే టిక్ కూడా మరవొద్దు. అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది తక్కువ శ్రమతో నడిచే దారిని లెక్కగట్టి పాత దారులు వెతికే లీస్ట్ కాస్ట్ పాత్. ఎస్‌ఆర్‌టీఎం 2000 ఫిబ్రవరి నాటి కొలత. అప్పటికి నాగార్జునసాగర్ నిండి మూడు దశాబ్దాలు దాటింది. దాంతో నాగార్జునకొండ లోయ అంతా బల్లపరుపు నేలగా కనబడి, ఇక్ష్వాకుల నాటి బాట నీళ్ల మీదుగా నున్నగా సాగిపోతుంది. జలాశయం మేర కత్తిరించేసి, డ్యామ్‌కు ముందటి పటాల కాంటూర్లను (సమాన ఎత్తు గీతలను) చేత్తో గీసి ఆ ఖాళీ పూడ్చాకే లెక్క నడపాలి. రెండు వారాల పని పడుతుంది.