138 మెట్ల పైన మా బాత్‌రూమ్: ఏడేళ్లు వాడాక

మా ఇల్లు విజయవాడ వన్‌టౌన్‌లో కొండ మీద ఉంది. ఆటో ఆగే చోటు నుంచి లెక్కపెడితే 138 మెట్లు. మామగారి నాన్నగారు కట్టించిన సున్నం గోడల ఇల్లు. అత్తయ్యకు మోకాళ్లు అరిగి కింద కూర్చోలేకపోతుంటే, 2018 వేసవిలో పాత బాత్‌రూమ్ పగలగొట్టించి కమోడ్ పెట్టించాం. గది అయిదడుగులకు ఏడడుగులు, అంతే. అంత చిన్న పనికి నెలన్నర పట్టింది.

ముందు మోత సంగతి. సామాను ధర అందరూ చెబుతారు, మోత కూలి ఎవరూ చెప్పరు. ట్రాక్టర్ ఇసుకను కింద రోడ్డు మీద పోసి వెళ్లిపోయింది. దాన్ని గోతాల్లో నింపి పైకి మోయించేసరికి ఇసుక ఖరీదు కంటే కూలే ఎక్కువైంది. యాభై కిలోల సిమెంటు బస్తా భుజాన వేసుకుని ఒకతను ఎక్కుతుంటే, మధ్యలో మంచినీళ్లు ఇవ్వడానికి నేను చెంబు పట్టుకుని నిలబడేదాన్ని. అంతా అయిందనుకున్నాక గుర్తొచ్చింది, పగలగొట్టిన రబ్బీష్ మళ్లీ కిందికి దింపాలి కదా! దానికి మేము అసలు డబ్బులే అనుకోలేదు.

ఇక పెద్ద పొరపాటు. షాపులో నచ్చిందని ఎస్-ట్రాప్ కమోడ్ కొనేశాం. అంటే నీళ్లు నేలలోకి దిగే రకం. మా ఇంటి నేల కింద ఉన్నది మట్టి కాదు, బండ. మేస్త్రి గునపం వేస్తే ఠంగుమంది. "బండ తవ్వలేం అమ్మా, ఫ్లోరింగే ఎత్తు పెంచేద్దాం" అన్నాడు. నాలుగంగుళాల పైపు, దాని వాలు, పైన కాంక్రీటు, టైల్స్ అన్నీ కలిసి గుమ్మం దగ్గర తొమ్మిదంగుళాల మెట్టు తయారైంది. మోకాళ్లు వంగని మనిషి కోసం పెట్టించిన కమోడ్ దగ్గరికి మెట్టెక్కి వెళ్లాలన్నమాట! అత్తయ్య మొదటి రోజు గుమ్మం పట్టుకుని, "దీనికన్నా పాతదే నయం కదే" అంది. ఏం చెప్పను?

ఆ గది వెనక గోడ అవతల కొండ దిగుడే. మూడడుగుల కింద దిగువ ఇంటివాళ్ల పెరడు, మా పైపులైను కూడా అటు పక్కనుంచే పోతుంది. పీ-ట్రాప్, అంటే నీళ్లు వెనక గోడ వైపు పోయే రకం, తీసుకుని ఉంటే గోడకు బెజ్జం వేసి పైపు నేరుగా బయటికి తీసేవాళ్లం, నేల ముట్టుకునే పనే ఉండేది కాదు. ఈ మాట మేస్త్రి చెప్పలేదు. రెండేళ్ల తర్వాత లీకేజీ చూడడానికి వచ్చిన ప్లంబర్ గోడ అవతలికి తొంగి చూసి చెప్పాడు. కొండ మీద ఇళ్లున్నవాళ్లు కమోడ్ కొనే ముందు ఒకసారి గోడ వెనక ఏముందో చూసుకోండి.

టైల్స్ సగం బాగున్నాయి, సగం లేవు. మూడు గోడలకు పాత సున్నం పూత ఇటుక కనబడేదాకా చెక్కించాం, అవి ఇప్పటికీ కదల్లేదు. కొండ వైపు గోడ దగ్గరకొచ్చేసరికి డబ్బులు అయిపోతున్నాయని పూత మీదే అతికించేశారు. రెండు వానాకాలాలకు వేలితో కొడితే డొల్ల శబ్దం, మూడో ఏడు ఆరు టైల్స్ ఊడిపడ్డాయి. వెనక పూత పిండిలా రాలింది, ఉప్పు పూసి తెల్లగా ఉంది. పెట్టెడు టైల్స్ ఎక్కువ తెచ్చి అటక మీద పెట్టాం కాబట్టి బతికిపోయాం, అదే డిజైన్ మళ్లీ షాపులో లేదు. 2024 ఆగస్టు 31న, మా ఊళ్లోనే మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయిన రోజు, ఆ గోడ చెమ్మ చూస్తూ రాత్రంతా టెన్షన్‌తో కూర్చున్నాం. తిరిగి అతికించిన టైల్స్ మాత్రం నిలిచాయి.

పైనుంచి వానలా పడే షవర్ మీద పెట్టిన డబ్బు దండగ. ట్యాంకు పది మీటర్ల ఎత్తుంటే కానీ ఒక బార్ (ఒత్తిడి కొలత) ప్రెషర్ రాదు. మా నల్ల ట్యాంకు షవర్‌కి రెండు మీటర్ల పైన కూడా లేదు. నీళ్లు కారతాయి తప్ప పడవు. ఏడేళ్లుగా అందరం బకెట్టూ చెంబే.

మంచివి కూడా చెప్పాలి. గరుకు ఫ్లోర్ టైల్స్ మీద ఇంతవరకూ ఎవరూ జారలేదు. టైల్స్ సందుల్లో ఎపాక్సీ (నీళ్లు పీల్చని గట్టి జిగురు) నింపిన చోట నలుపు పట్టలేదు, తెల్ల సిమెంటు పెట్టిన చోట ఎంత రుద్దినా పోదు. ప్లాస్టిక్ తలుపు చూడ్డానికి చవగ్గా ఉంటుంది కానీ చెదల భయం లేదు. టైల్స్ వేయకముందు రెండు రోజులు నీళ్లు కట్టి చూశాం కాబట్టి నేల కారలేదు. ప్లంబర్ చూడడానికి వచ్చిన ఆ లీకేజీ కూడా కమోడ్ అతుకు దగ్గరే.

గుమ్మం పక్కన స్టీలు కడ్డీ బిగించాక అత్తయ్య ఒక్కతే వెళ్లి వస్తోంది. అయినా ఈ వేసవిలో ఆ ఫ్లోరింగ్ దింపించి పీ-ట్రాప్ పెట్టించాలని ఉంది. ప్లంబర్ సరేనన్నాడు. మోసేవాళ్లతోనే ఇంకా బేరం కుదరలేదు, ఈసారి రబ్బీష్ దింపడానికి కూడా ముందే మాట్లాడుతున్నాను.